బడి కాగితం ఇంట్లో అర్థం కావాలి: తిరుపతి జిల్లా విద్యాశాఖకు వడమాలపేట తల్లిదండ్రుల వినతిపత్రం

వడమాలపేట,
25 ఆగస్టు 2025, సోమవారం.

జిల్లా విద్యాశాఖాధికారి గారికి, తిరుపతి.
ద్వారా: మండల విద్యాశాఖాధికారి గారు, వడమాలపేట.

విషయం: ప్రభుత్వ బడుల నుంచి ఇళ్లకు వచ్చే కాగితాలు, ఫోను సందేశాలు, బడి బోర్డులు, రికార్డుల్లో పిల్లల పేర్లు – వీటన్నిటికీ జిల్లా అంతటా ఒకే తెలుగు రాత నియమావళి ఏర్పాటు చేయాలని కోరుతూ.



మేము ఈ మండలంలో ప్రభుత్వ బడులకు పిల్లల్ని పంపే అమ్మానాయనలం, అవ్వాతాతలం. మాలో కొందరు బడి కమిటీల్లో ఉన్నారు. పదవీ విరమణ చేసిన తెలుగు అయ్యవార్లూ మాతో ఉన్నారు. ఈ కాగితం రాసింది వాళ్లే. గది కావాలనో, ప్రహరీ గోడ కావాలనో, టీచరు పోస్టు నింపమనో మేము ఇంతకుముందు వచ్చాం, మళ్లీ వస్తాం కూడా. ఈసారి వచ్చిన పని వేరు.

ఆమధ్య మాలో ఒకరి ఇంటికి బడి నుంచి ఒక నోటీసు వచ్చింది. ఏ బడి అన్నది చెప్పడం మా ఉద్దేశం కాదు, అలాంటి నోటీసు ఏ బడి నుంచైనా రావచ్చు. అందులో ఉన్నది దాదాపుగా ఇది: "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, తమ విద్యార్ధి యొక్క ఆధార్ నందలి వివరములు పాఠశాల రికార్డుల నందలి వివరములతో సరిపోలనందున, సదరు సవరణ నిమిత్తం సంబంధిత ధృవీకరణ పత్రములతో వారము లోపు హాజరు కానియెడల తదుపరి పరిణామములకు తమరే బాధ్యులు." ఇంట్లో ఉన్నది అవ్వ ఒక్కతే. అమ్మానాయనలు పనికి చెన్నై పోయి ఉన్నారు. అవ్వ పక్కింటి పిల్లతో చదివించుకుంది. "పరిణామములు", "బాధ్యులు" అన్న రెండు మాటలు మాత్రం ఆమెకు అందాయి. మనవడిని నిలబెట్టి "ఏం తప్పు జేసినావురా?" అని అడిగింది. వాడు ఏడిచాడు. రెండు రోజులు బడికి పంపలేదు.

ఆ నోటీసు చెప్పాలనుకున్నది ఇంతే: "మీ మనవడి పేరు ఆధార్ కార్డులో ఒక రకంగా, బడి రికార్డులో ఒక రకంగా ఉంది. శనివారం లోపల ఆధార్ కార్డు తీసుకుని బడికి రండి. సరిచేస్తాం. పిల్లవాడి తప్పేమీ లేదు. డబ్బు కట్టే పని లేదు."

ఈ రెండు కాగితాలకూ నడుమ ఉన్న దూరమే మా వినతి.

రాష్ట్రంలో తెలుగు అధికార భాష అని చట్టం వచ్చింది 1966లో. ఆ లెక్కన పై నోటీసులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్షరాలు తెలుగువే, ముద్ర ఉంది, సంతకం ఉంది. ఇంట్లో మనిషికి అర్థం కావాలన్న షరతును మాత్రం ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అది రాసిపెట్టమని అడుగుతున్నాం.

ఇది కొత్త గొడవేమీ కాదని మీకూ తెలుసు. ఈ శుక్రవారం, ఆగస్టు 29న, బడులన్నిటిలోనూ తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. గిడుగు రామమూర్తి గారి పటానికి పూలదండ వేస్తారు. గిడుగు నడిపిన వాడుక భాష ఉద్యమానికి నిప్పు రాజేసిన వాళ్లలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఒకరు. ఆయన చేసింది బడుల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం, అంటే మీ శాఖ మనిషే. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఒకటి ఎందుకు అని ఆయనకు 1906 ప్రాంతంలో వచ్చిన అనుమానం గిడుగు, గురజాడల చేతుల్లో పడి ఉద్యమమైంది. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం రాశారు. అదీ మా కాగితం లాంటిదే, కాకపోతే మాకంటే బాగా రాశారు. ఆ మరుసటి ఏడే, స్కూలు ఫైనలులో వ్యాసం వాడుక తెలుగులో రాయొచ్చన్న వెసులుబాటును మద్రాసు ప్రభుత్వం తీసేసింది. తర్వాత పత్రికలు మారాయి, కథలు మారాయి, పాఠ్యపుస్తకాలు కూడా చాలా వరకు మారాయి. ఆఫీసు కాగితం మాత్రం 1914లోనే ఆగిపోయింది. దండ వేసిన సాయంత్రమే "జరుపబడినది" అని నివేదిక పంపుతారు.

పిల్లల పేర్లతో మొదలుపెడతాం, ఎక్కువ నష్టం అక్కడే కాబట్టి.

మాది సరిహద్దు ప్రాంతం. రేణిగుంట–అరక్కోణం రైలు మార్గం మా మండలంలోని పూడి మీదుగానే పోతుంది, చెన్నై రోడ్డు మా ఊళ్లోనే ఉంది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది గానీ, సంబంధాలు కలుపుకోవడం ఆగలేదు. అందుకే ఇక్కడ కొన్ని ఇళ్లలో ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు, కొన్ని ఇళ్లలో అరవవాళ్ల మాదిరి నాయన పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటారు. ఒకే అన్నదమ్ముల పిల్లల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. కంప్యూటరులో ఇంటిపేరు అన్న గడి ఖాళీగా ఉండకూడదు కదా; నింపేవాళ్లు అక్కడ నాయన పేరు పెట్టేస్తారు. ఆధార్‌లో అదే పేరు చివర ఉంటుంది. ఇక మునిరత్నం అన్న పేరు ఉందనుకోండి, ఇంగ్లీషులో ఒకచోట 'టీ' పక్కన 'హెచ్' పెడతారు, ఒకచోట పెట్టరు, ఇంకొకచోట ముని వేరు రత్నం వేరు చేస్తారు. తమిళనాడులో చదివి వచ్చిన బిడ్డ అయితే మధ్యలో ఇంకో 'ఐ' చేరుతుంది. మనిషి ఒకడే, కాగితాల్లో నలుగురు. ప్రతి విద్యార్థికీ ఆపార్ పేరుతో 12 అంకెల నంబరు ఇవ్వడం మొదలయ్యాక ఈ తేడాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. తల్లులు కూలి మానుకుని ఆధార్ కేంద్రం చుట్టూ, బడి చుట్టూ తిరిగారు.

బిడ్డను ఒకటో తరగతిలో చేర్చేరోజే పేరు తెలుగులో ఎలా రాయాలో, ఇంగ్లీషులో ఎలా రాయాలో తల్లినో తండ్రినో అడిగి, రాసి, పైకి చదివి వినిపించి, ఆ చీటీ ఒకటి ఇంటికి ఇవ్వాలి. ఇంటిపేరు లేని ఇంటికి ఇంటిపేరు పుట్టించకూడదు. నాయన పేరులోని అక్షరాన్ని ఏ గడిలో పెట్టాలో జిల్లా అంతటికీ ఒకటే మాట చెప్పాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితాలు) పైకి పంపే ముందు, బిడ్డ పేరూ పుట్టినతేదీ ఉన్న వరుసను కాగితం మీద ఇంటికి పంపి సంతకం తీసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్టులో పడిన తప్పు బిడ్డతో పాటు పాస్‌పోర్టు ఆఫీసు దాకా పోతుంది. అప్పుడు దిద్దాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలో మాలో ఎక్కినవాళ్లున్నారు.

ఊరి పేర్ల సంగతీ ఇలాగే ఉంది. వడమాలపేట ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి కనిపిస్తుంది. ఇంగ్లీషులోకి పోతే తోక తెగి 'వడమాల్‌పేట్' అవుతుంది. పక్కనున్న నారాయణవనం సగం బోర్డుల్లో నారాయణవరం. మా మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. చిత్తూరు జిల్లా అని ఉన్న పాత రబ్బరు ముద్ర ఇంకా ఎక్కడైనా వాడుకలో ఉంటే దాన్ని అటకెక్కించండి. ఊళ్ల పేర్ల పట్టిక ఒక్కటి చేసి అన్ని బడులకూ ఇస్తే ఆ పని తీరిపోతుంది.

అక్షరదోషాల మాట ఎత్తితే మా తెలుగు అయ్యవార్లు ఆగరు, కాబట్టి కొన్నే చెబుతాం. 'ప్రాథమిక పాఠశాల' అన్న బోర్డుల్లో ఎన్నిటి మీద 'ప్రాధమిక' అని ఉందో ఈ పుత్తూరు రోడ్డున బస్సులో పోతూ లెక్కపెట్టుకోవచ్చు. 'థ'కు పొట్టలో చుక్క ఉంటుంది, 'ధ'కు ఉండదు. బోర్డు రాసే ఆయనకు ఆ చుక్క పనికిరానిదిగా తోచింది. అదే చుక్క 'విద్యార్థి'లోనూ పోయింది. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. చుక్క పోతే అర్థమే సగమైపోతుంది. 'ధ్రువీకరణ'ను 'ధృవీకరణ' చేయడం పైనుంచి వచ్చే కాగితాల్లోనే మొదలవుతుంది. ఇక 'మధ్యాహ్న భోజనం'. ఒక వంటగది గోడ మీద 'ధ' ఒత్తు ఊడి 'మద్యాహ్న' అయింది. మద్యానికీ అన్నానికీ ఒత్తు ఒక్కటే తేడా అని పెద్దపిల్లలు నవ్వుకుంటుంటే ఏం చెప్పాలి? పిల్లవాడు పలక మీద తప్పు రాస్తే దిద్దుతాం. వాడు పదేళ్లు తలెత్తి చూసే గోడను ఎవరు దిద్దాలి? రంగు వేయించే ముందు బోర్డు మీద రాయాల్సిన మాటలను తెలుగు టీచరు ఒకరు చూసి సంతకం పెట్టాలన్న నియమం చాలు.

రెండు రకాలుగానూ ఒప్పయిన మాటల దగ్గర మాత్రం పట్టుదల వద్దు. చేయాలి, చెయ్యాలి, ఐదు, అయిదు, స్వాతంత్ర్యం, స్వాతంత్య్రం. ఆఫీసు వరకు ఒకటి ఎంచుకోండి. పిల్లవాడు రెండోది రాస్తే ఎర్రసిరా తీయకండి.

ఆఫీసు తెలుగులో అన్నిటికంటే ముందు పోవలసింది 'బడు'. "సెలవు ప్రకటించబడినది" అంటారు. ఎవరు ప్రకటించారు? కలెక్టరు గారా, మీరా, హెడ్మాస్టరా? మా ఇళ్లలో ఎవరూ "అన్నం వండబడింది" అనరు, "అన్నం వండినా, రాండి" అంటారు. చేసిన మనిషి పేరు దాచుకోవడానికి ఆఫీసులకు ఈ 'బడు' బాగా పనికొస్తుంది, అందుకే బతికి ఉందని మా అనుమానం. దానితో పాటు 'యొక్క', 'నందు', 'కలదు', 'సదరు', 'నిమిత్తం', 'యెడల' కూడా పోవాలి. "విద్యార్థి యొక్క తండ్రి యొక్క పేరు" అన్న గడిలో "విద్యార్థి తండ్రి పేరు" అంటే చోటు కూడా మిగులుతుంది. అలాగని సంస్కృతం తీసేసి ఎవరికీ తెలియని అచ్చ తెలుగు పుట్టించమనడం లేదు. టీసీని టీసీ అనండి, ఆధార్‌ను ఆధార్ అనండి, బస్సును బస్సు అనండి. జనం నోట్లో అరిగి నున్నబడిన మాట ఏ భాషదైనా తెలుగే. కానీ 'ఎఫ్ఏ', 'ఎస్ఏ' అన్న పొడి అక్షరాలు ప్రోగ్రెస్ కార్డు మీద ఉంటే, అవి ఏ పరీక్షలో, ఎన్ని మార్కులకో పక్కన ఒక ముక్క తెలుగులో రాయండి.

సెలవు అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. మాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. తుపాను వచ్చిందంటే రాత్రి పొద్దుపోయాక ఫోనులో "రేపు పాఠశాలలకు సెలవు" అని వస్తుంది. దాన్ని ఒకరు మరునాడు పొద్దున ఇంకొకరికి పంపుతారు, వాళ్లు సాయంత్రం మరొకరికి. ఎవరి 'రేపు' ఏదో తేలక, ఒక ఏడు మా పిల్లలు కొందరు తెరిచి ఉన్న బడికి పోలేదు, కొందరు మూసి ఉన్న బడి ముందు తడుస్తూ నిలబడ్డారు. సందేశంలో రేపు, ఎల్లుండి అన్న మాటలు రాకూడదు. వారం పేరు, తేదీ, నెల పేరు రాయాలి. నెలను అంకెలో కాదు, అక్షరాల్లో.

అదే ఫోనుకు వచ్చే ఇంకో తంటా, పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగు. డీటీపీ అంగడిలో అందంగా ఉంటుంది, ఫోనులోకి వచ్చేసరికి గుర్తులూ గీతలూ అవుతుంది. యూనికోడ్‌లో కొట్టాలన్న ఒక్క వాక్యం నియమావళిలో ఉంటే చాలు. దానికి ఉచిత ఫాంట్లు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒకదాని పేరే గిడుగు.

మర్యాద గురించి. కూలికి పోయే తల్లికి రాసేటప్పుడు "నీ కొడుకు", ఉద్యోగం చేసే తండ్రికి "మీ అబ్బాయి" అన్న తేడా నోటితో వినిపిస్తూ ఉంటుంది, అప్పుడప్పుడూ రాతలోకీ వస్తుంది. ఎవరికి రాసినా 'మీరు', పేరు చివర 'గారు' ఉండాలి. "తండ్రి సంతకం" అన్న గీత "తల్లి, తండ్రి లేదా పెంచుతున్నవారి సంతకం" కావాలి. మా ఊళ్లలో బడి కాగితాలు అందుకునేది ఎక్కువగా అమ్మలూ అవ్వలే. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తీర్మానాల పుస్తకంలో మాత్రం "సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ముందే రాసిపెట్టి, వేలు ఎక్కడ ముద్దర వేయాలో చూపిస్తే ఎట్లా? సంతకానికి ముందు తీర్మానాన్ని పైకి చదవాలి. అరవం తప్ప చదవడం రాని తల్లులున్న పల్లెలకు నోటీసు అరవంలోనూ ఇవ్వాలి, లేకుంటే టీచరు గొంతుతో ఫోనులో రికార్డు చేసి పంపాలి.

చివరిది పిల్లల రాత. ఇది మిగతావాటికంటే మెత్తని విషయం, మా మనసుకు దగ్గరిది.

మా ఇంటి బిడ్డ ఒకతె రెండో తరగతిలో "మా తాత మడకతో దున్నుతాడు" అని రాసింది. మడక కింద ఎర్రగీత, పక్కన 'నాగలి'. ఆ గీత చూసి తాత "అయితే నేను ఇన్నేండ్లూ దున్నింది దేంతోనబ్బా?" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఆ బిడ్డ తర్వాత తాత గురించి రాయడం మానేసింది. చెనిక్కాయలు రాస్తే వేరుశనగలు, ఎర్రగడ్డ రాస్తే ఉల్లిపాయ, ఉర్లగడ్డ రాస్తే బంగాళాదుంప, బొరుగులు రాస్తే మరమరాలు, పొరక రాస్తే చీపురు. ఇవి తప్పులు కావు, ఈ నేల మాటలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి అంతా సేద్యపు మాటల మీదే. ఒక్కో సీమలో రైతు ఏమంటాడో ఊరూరా తిరిగి రాసుకున్నారు. మన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు ఈ మాటల్లోనే కథలు రాసి తెలుగుదేశమంతా చదివించారు. పిల్లల భాషలో ఆల్జీబ్రా కూడా రాశారు. పెద్దవాళ్లు రాస్తే సాహిత్యం, పిల్లవాడు రాస్తే తప్పు అంటే న్యాయం కాదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, వీలైనంత వరకు చదువు బిడ్డ మాతృభాషలో సాగాలంటుంది. ఆ మాతృభాష అంటే ఇంట్లో అమ్మ మాట్లాడేదే కదా.

పుస్తకం మాట నేర్పొద్దనడం లేదు. పై చదువుకు, పరీక్షకు అది కావాలి. మడక కింద గీత కొట్టకుండా పక్కన "పుస్తకంలో నాగలి అంటారు" అని రాయండి. అయిదో తరగతి దాకా ఇంటి మాట రాసినందుకు మార్కు తీయకూడదు. మండలంలోని బడులన్నీ కలిసి ఒక ఏడాదిలో మా ఊళ్ల మాటల పట్టిక ఒకటి చేస్తే, పిల్లలే అవ్వల దగ్గర అడిగి రాసుకొస్తారు.

ఇవన్నీ ఎవరు చేయాలంటే, కార్వేటినగరంలోని టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లో తెలుగు చెప్పేవాళ్లున్నారు, తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ ఉంది. వాళ్లలో ఇద్దరు ముగ్గురిని, బడుల్లో పనిచేస్తున్న తెలుగు టీచర్లను, ఇద్దరు తల్లులను కలిపి ఒక చిన్న సంఘం వేయండి. ఇరవై పేజీలు దాటని పుస్తకం చాలు. పత్రికలు ఈ పని ఎప్పుడో చేసుకున్నాయి. బూదరాజు రాధాకృష్ణ గారు విలేకరులకు వాడుక తెలుగు ఎలా రాయాలో పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి పెట్టారు. అమెరికాలో 2010లో ప్రభుత్వం జనానికి అర్థమయ్యేలా రాయాలని చట్టమే చేశారు, అక్కడి స్కూల్ డిస్ట్రిక్టులు చాలావాటికి సొంత రాత పద్ధతి పుస్తకాలున్నాయి. మనకు చట్టం అక్కరలేదు, మీ సర్క్యులర్ ఒకటి చాలు.

నియమాలకంటే ముందు నమూనాలు ఇవ్వండి. బడి నుంచి ఇంటికి పోయే కాగితాలు ఏడాదికి పది రకాలకు మించవు: చేరిక, హాజరు, తల్లిదండ్రుల సమావేశం, పరీక్ష, సెలవు, ఆధార్ సవరణ, వైద్య పరీక్ష, టీసీ, ఇలా. ఆ పదీ మంచి తెలుగులో రాయించి అన్ని బడులకూ పంపితే, హెడ్మాస్టరు తేదీ నింపుకుంటే సరిపోతుంది. టీచర్లకు ఇప్పటికే యాప్‌ల బరువు చాలినంత ఉంది. వాళ్లు రాసే గట్టి తెలుగు వాళ్ల సొంతం కాదు, పైనుంచి వచ్చిన కాగితాన్ని చూసి దించుకున్నది. అందుకే ఈ నియమావళి మొదట మీ ఆఫీసులో అమలు కావాలి, తర్వాత మండలంలో, ఆ తర్వాతే బడిలో. దీన్ని పట్టుకుని ఏ టీచరుకూ మెమో ఇవ్వకూడదని కూడా అందులోనే రాయండి.

వచ్చే సంక్రాంతి సెలవుల లోపల ఆ పది నమూనాలు, జూన్‌లో బడి తెరిచేనాటికి నియమావళి, అప్పటికే పేర్ల చీటీ అందాలని కోరుతున్నాం. ఈ జిల్లాలో మొదట ఒక్క మండలంలో చేసి చూద్దామంటే, మా మండలంలో చేయండి. తప్పులు దిద్దడానికి మా అయ్యవార్లు జీతం లేకుండా వస్తారు.

ఈ వినతిపత్రాన్ని మేము కూడా మొదట "తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అనే మొదలుపెట్టాం. పైన చెప్పిన అవ్వకు చదివి వినిపిస్తే రెండో వాక్యం దగ్గరే "నిలుపు నాయినా, ఎవురి మీదన్నా కేసు పెడతాండారా?" అంది. చింపేసి మళ్లీ రాశాం. మీ జవాబు వచ్చిన రోజు దాన్ని కూడా మొదట ఆమెకే చదివి వినిపిస్తాం. దయచేసి ఆమెకు రాసినట్టే రాయండి.

ఇట్లు,
వడమాలపేట మండలం ప్రభుత్వ బడుల పిల్లల తల్లిదండ్రులు, అవ్వాతాతలు, విశ్రాంత ఉపాధ్యాయులు.
(సంతకాలు, వేలిముద్రలు వెనక పేజీల్లో ఉన్నాయి.)